రెండో క్లారినెట్ ఊపిరి

క్లారినెట్ ఊదేవాళ్ళు మొదటి స్వరానికి ముందు ఒక ఊపిరి తీసుకుంటారు. హాల్లో కూర్చున్నవాళ్ళకు అది వినిపించదు. మైకుకు వినిపిస్తుంది. చాలా ఏళ్ళు ఆ మైకుల వెనక కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఏ ఊపిరి ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. మా ఆర్కెస్ట్రాలో రెండో క్లారినెట్ వాయించే అన్న ఊపిరిని గుర్తుపట్టడానికి మాత్రం అంత నేర్పు అక్కర్లేదు. అందులో ఒక మాట ఉండేది. క్లారినెట్ నోటి దగ్గరికి తెచ్చుకుంటూ, గొంతు కలపకుండా, గాలితోనే "బిస్మిల్లా" అనేవాడు. అల్లా పేరుతో మొదలుపెడుతున్నానని అర్థం. ఆ తర్వాతే ఊదేవాడు.

ఆ మాటకు నేను చేసిన ద్రోహం గురించి రాస్తున్నాను. మూడేళ్ళు దాన్ని పొరపాటు అని చెప్పుకున్నాను. పొరపాటు కాదు.

మాది దుబాయ్‌లో ఒక ప్రైవేటు సింఫనీ ఆర్కెస్ట్రా. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాయించేవాళ్ళు. నేను నెల్లూరు నుంచి వెళ్ళి అక్కడ రికార్డింగ్ పనిలో కుదిరాను. రికార్డింగుతో పాటు ఇంకో పని కూడా నామీద పడింది. వాయించిన ప్రతి మనిషికీ రికార్డు అయిన తన వాద్యం మీద హక్కు ఉంటుంది. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాలన్నా, దాచి ఉంచాలన్నా, ఇంకో పనికి వాడాలన్నా ఒక్కోదానికి విడిగా ఒప్పుకోలు కావాలి. ఎవరు దేనికి ఒప్పుకున్నారో, ఎవరు ఒప్పుకోలేదో రాసిపెట్టే రిజిస్టర్ నా చేతిలో ఉండేది. కంప్యూటర్‌లో ఒక పెద్ద పట్టిక, అంతే. అందులో నేను ఏం రాస్తే అదే నిజం. ఆ సంగతి అప్పట్లో నాకు అంతగా తట్టలేదు.

అన్నది కడప వైపు పల్లె. చిన్నప్పటి నుంచీ పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ ఊదినవాడు. ఎర్రకోటు వేసుకుని, ఊరేగింపు ముందు వెనక్కి నడుస్తూ వాయించేవాణ్ణని చెప్పేవాడు. తర్వాత హోటల్ బ్యాండులో దుబాయ్ వచ్చి, ఒక గోవా ముసలాయన దగ్గర కాగితం మీది స్వరాలు చదవడం నేర్చుకుని, యాభై దాటాక మా దగ్గర రెండో కుర్చీ సంపాదించాడు. మొత్తం ఆర్కెస్ట్రాలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

ఆయనకు బ్యాండు రోజుల నుంచి ఒక నియమం ఉండేది. వినేవాడు లేకుండా వాయించకూడదు. సాధన చేసుకునేటప్పుడు కూడా ఎదురుగా ఒక ప్రాణి ఉండాలి.

"మా ఉస్తాదు చెప్పినాడు తమ్ముడూ. ఎవురూ లేకుండా ఊదితే పాట యాడికి పోవాల్నో దానికి తెల్దంట. తిరుగుతా ఉంటాదంట. అందుకే మేకనన్నా కట్టేసుకోని వాయించమనేటోడు."

"నిజంగా మేకకు వాయించేవాడివా అన్నా?"

"వాయించేటోణ్ణి. శానా మంచి మేక. అపస్వరం పడితే మే అనేది."

రిహార్సల్‌కు ముందు హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన వాయించుకోవాలంటే నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టుకునేవాడు. అలా నాకు మేక అన్న పేరు వచ్చింది. క్యాంటీన్‌లో అందరి ముందూ "ఏం మేకా, తిన్యావా?" అనేవాడు. అర్థం కాక మిగతావాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

2020లో హాలు మూసేశారు. ఎవరి గదుల్లో వాళ్ళం పడి ఉన్నాం. ఆర్కెస్ట్రా బతికే ఉందని జనానికి తెలియాలంటే ఏదో ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టాలన్నాడు మా ముదీర్. ఆర్కెస్ట్రా వ్యవహారాలన్నీ చూసే లెబనాన్ మనిషి ఆయన. ఎవరింట్లో వాళ్ళు తమ భాగం వాయించి పంపితే, నేను అన్నీ కలిపి ఒక్క సంగీతంగా కూర్చాలి. అదొక్కటే అయితే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. ముదీర్ ఇంకొకటి కూడా అడిగాడు. ఒక్కొక్కరితో విడివిడి స్వరాలు కూడా ఊదించి తీసుకోమన్నాడు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, ప్రతి స్వరం నాలుగేసి సార్లు.

అవి కంప్యూటర్ వాద్యం తయారుచేసే ఒక కంపెనీకి. మనిషి ఊదిన స్వరాలను ముక్కలుగా కోసి కంప్యూటర్‌లో పెడతారు. ఎక్కడో ఎవరో మీట నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. ఒకే ముక్క పదే పదే పలికితే యంత్రంలా ఉంటుందని, నాలుగింటినీ మార్చి మార్చి వినిపించేట్టు చేస్తారు. ఇక ఆ మనిషి అక్కర్లేదు. ఏ పాటైనా ఆయన ఊదినట్టే వస్తుంది.

అన్న ఉమ్ అల్ క్వైన్‌లో ఒక పాత ఇంట్లో నలుగురితో కలిసి ఉండేవాడు. లాక్‌డౌన్‌లో అందరూ గదిలోనే ఉన్నారు కాబట్టి అక్కడ రికార్డు చేయడం కుదరదు. ఇంటి వెనక ఇసుకలో వాళ్ళ పాత పికప్ బండి ఉంది. అద్దాలు బిగిస్తే బండి లోపల మంచి స్టూడియోలా ఉంటుంది. ఆ ఉపాయం నేనే చెప్పాను. చిన్న రికార్డర్ ఒకటి పంపించాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఫోన్ చేశాడు.

"బండిలో కూచున్నా. నిప్పుల కొలిమి మాదిరి ఉండాది తమ్ముడూ. ఏసీ ఏస్తే?"

"ఏసీ శబ్దం పడతాదన్నా. ఆపెయ్. కాసేపే కదా."

"సరే. ఒక మాట. బిస్మిల్లా అంటా గదా, అది నాకూ పైవాడికీ మధ్య మాట. మైకు పట్టేస్తాది. దాన్ని తీసెయ్. యాడంటే ఆడ వినిపియ్యగూడదు."

"తీసేస్తానన్నా."

"ఇంకోటి. ఈ పాట ఒక్క ప్రోగ్రాముకే. నీ కాగితంలో మొదటి గడి ఒక్కటే టిక్కు కొట్టినా. మిగిలిన గడులు నాకొద్దు. నేను ల్యాకుండా నా క్లారినెట్టు యాడో తిరగడమేంది?"

"సరేనన్నా."

"మళ్ళ ఈ విడి స్వరాలెందుకు?"

అది అబద్ధం చెప్పకుండా తప్పించుకోలేని ప్రశ్న. చెప్పాను. "మైకు చెక్ కోసమన్నా."

"నువ్వు లైన్లో ఉండు. ఫోను పక్కన పెట్టుకోనుంటా. మేక ల్యాకుండా నేను ఊదను."

"ఉంటానన్నా."

ఫోను మ్యూట్‌లో పెట్టాను. నా గదిలో శబ్దాలు ఆయనకు అడ్డం రాకూడదని. అప్పుడే కింద నుంచి భోజనం పార్సెల్ వచ్చిందని పిలిచారు. ఫోను బల్ల మీద వదిలి దిగి వెళ్ళాను. కింద పక్క గదివాళ్ళు నీడలో నిలబడి ఉన్నారు. చాలా రోజుల తర్వాత మనుషులు కనపడ్డారు. విమానాలు ఎప్పుడు మొదలవుతాయి, ఎవరి వీసా ఏమైంది అని మాట్లాడుకుంటూ అక్కడే ఉండిపోయాను. పైకి వచ్చేసరికి నలభై నిమిషాలయింది. కాల్ కట్ అయి ఉంది. ఆయన దగ్గర నుంచి మెసేజ్.

"అయిపోయింది. బాగా విన్నావా మేకా?"

"బ్రహ్మాండంగా ఉందన్నా" అని పంపాను.

ఆయన నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపాడు.

మర్నాడు ఫైలు వచ్చింది. కంప్యూటర్ తెర మీద శబ్దం గీతలుగా కనిపిస్తుంది. మొదట్లో చాలాసేపు సన్న గీత, ఖాళీ. వాద్యం మొదలైన చోట గీతలు లేచాయి. నేను అక్కడి నుంచే పని మొదలుపెట్టాను. ముందు భాగం వినలేదు. ఖాళీని ఎవరు వింటారు?

ప్రతి స్వరానికీ ముందు ఆ మాట ఉంది. ఒకటి రెండు కాదు, ప్రతిదానికీ. ఆయనకు ప్రతి స్వరమూ ఒక మొదలే. కంపెనీవాళ్ళు పంపిన సూచనల్లో ఊపిరి ఉంచండి, ఊపిరి ఉంటే జీవం ఉంటుంది అని ఉంది. మాట తీసేయాలంటే ఊపిరిని సగంలో కోయాలి. కోస్తే అతుకు తెలుస్తుంది. వంద పైచిలుకు ముక్కల్లో కూర్చుని సరిచేయాలి. పట్టించుకుని వింటే తప్ప అది మాట అని తెలియదులే అనుకున్నాను. అలాగే ఉంచాను.

అప్పటికింకా వాటిని కంపెనీకి ఇవ్వలేదు. అన్నలాగే ఇంకా కొంతమంది కంపెనీకి ఇచ్చే గడికి టిక్కు పెట్టలేదు. ముదీర్ ఫోన్ చేశాడు.

"హబీబీ, అందరికీ మళ్ళీ ఒక మెసేజ్ పెట్టు. ఏడు రోజులు. జవాబ్ నహీ ఆయా, జవాబు రాలేదా, ఒప్పుకున్నట్టే. ఖలాస్. ఆర్కెస్ట్రా నిలబడితేనే నువ్వూ నేనూ నిలబడేది. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని లిస్టు తయారవుతోంది, తెలుసు కదా."

పెట్టాను. కొందరు వద్దన్నారు. వాళ్ళ స్వరాలు తీసేశాం. కొందరు సరేనన్నారు. అన్నకు పంపిన మెసేజ్ పక్కన ఒకే ఒక్క టిక్కు పడింది. బూడిదరంగు టిక్కు. అంటే నా దగ్గర నుంచి వెళ్ళింది, ఆయనకు చేరలేదు. రెండో రోజూ ఒక్కటే. నాలుగో రోజు ఆయన గదిలో ఉండేవాళ్ళకు ఫోన్ చేశాను. జ్వరం, దగ్గు ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకుపోయారని, ఫోను ఆగిపోయి గదిలోనే ఉందని చెప్పారు.

ఏడో రోజు సాయంత్రం రిజిస్టర్ తెరిచాను. ఆయన పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఆ మెసేజ్ ఆయన చూడలేదని నాకు తెలుసు. చూసి ఉంటే ఏమంటాడో కూడా తెలుసు. ముందే చెప్పాడు కదా. "అభ్యంతరం లేదు" అని రాసి, సేవ్ చేశాను. ముదీర్ నన్ను బెదిరించలేదు. అన్న పేరు తీసేద్దామని నేను ఒక్క మాట అని ఉంటే, సరే తీసెయ్ అనేవాడు. అడగడానికి నాకు భయమేసింది. లిస్టులో నా పేరు ఎక్కడుందో అని.

తర్వాత రెండు రోజులకు అన్న పోయాడు. ఖననం ఇక్కడే జరిగింది. నేను వెళ్ళలేదు. అప్పుడు ఎవరినీ రానివ్వడం లేదు, నిజమే. కానీ రానిచ్చి ఉంటే వెళ్ళేవాణ్ణా అన్నది నాకు తెలియదు.

ఆ మెసేజ్ పక్కన టిక్కు మాత్రం ఆ తర్వాత మూడో నెలలో రెండయింది. ఆయన ఫోను ఇంటికి చేరి, ఎవరో చార్జింగ్ పెట్టి ఉంటారు. అది చూసినప్పుడు నేను బస్సులో ఉన్నాను. నా స్టాపు దాటిపోయింది, దిగలేదు.

2021లో హాలు తెరిచారు. వేదిక మీద మనిషికీ మనిషికీ మధ్య దూరం పాటించాలి, సగం మందే ఉండాలి. మిగిలిన వాద్యాలు కంప్యూటర్ నుంచి వినిపించమన్నాడు ముదీర్. ఆ కంపెనీ తయారుచేసిన వాద్యం అప్పటికి వచ్చేసింది. ఎవరి శబ్దం వాళ్ళ చోటి నుంచే రావాలని, ఖాళీ కుర్చీల మీద చిన్న నల్ల స్పీకర్లు పెట్టించాడు. రెండో క్లారినెట్ కుర్చీ మీద ఒకటి. మీటల ముందు నేను.

రిహార్సల్ ఉదయం పది గంటలకు. బయట తెల్లగా ఎండ. లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ కర్ర పైకెత్తి ఆగాడు. అందరూ ఊపిరి బిగపట్టిన ఆ క్షణంలో, ఖాళీ కుర్చీలో నుంచి ఊపిరి వినిపించింది. బిస్మిల్లా.

నా వేలు మీట మీదే ఉంది. నొక్కానో లేదో ఇప్పటికీ చెప్పలేను. నొక్కినట్టు గుర్తు లేదు.

మొదటి క్లారినెట్ వాయించే ఆమె చటుక్కున పక్కకు తిరిగింది. రొమేనియా నుంచి వచ్చిన మనిషి. తొమ్మిదేళ్ళు అన్న పక్కన కూర్చుంది. స్పీకర్ వైపు కాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. విరామంలో నా దగ్గరికి వచ్చి, "ఎప్పటిలాగే కొంచెం ముందే తీసుకున్నాడు ఊపిరి" అంది ఇంగ్లీషులో. నవ్వలేదు. మర్నాడు వచ్చి తన కుర్చీని, స్టాండునీ రెండడుగులు జరుపుకుంది. దూరం పాటించడానికి అనుకున్నారు అందరూ. ఆమె ఖాళీ కుర్చీ వైపుకు జరిగింది.

ఆ తర్వాత అది బయట వినిపించడం మొదలైంది. మొదట ఒక ఆఫీసు లిఫ్టులో. మెత్తటి సంగీతం వస్తోంది. నేనొక్కణ్ణే ఉన్నాను. క్లారినెట్ ఎత్తుకునే ముందు, నా చెవి వెనక ఎవరో నిలబడి గుసగుసగా అన్నట్టు వినిపించింది. తలుపు తెరుచుకుంది. దిగాల్సిన అంతస్తు కాదు, అయినా దిగేశాను. తర్వాత ఒక మాల్‌లో. తర్వాత ఒక దంతాల డాక్టరు దగ్గర, నోరు తెరిచి పడుకుని ఉండగా. నాలుగు ముక్కలు మారి మారి వస్తాయి కాబట్టి, ఆ మాట కొన్నిసార్లు స్పష్టంగా, కొన్నిసార్లు వట్టి గాలిలా ఉంటుంది. అది ఎప్పుడు వస్తుందో తెలియదు. తెలియకపోవడం వల్ల ప్రతి పాటలోనూ దానికోసం ఎదురుచూసేవాణ్ణి. నా భార్య ఊరి నుంచి ఫోన్‌లో మాట్లాడుతూ, "ఏంది, ఎవరన్నా ఉన్నారా అక్కడ? మాటిమాటికీ ఆగిపోతున్నావు" అనేది.

ఒకసారి మాల్ బాత్రూంలో చేతులు కడుక్కుంటున్నాను. మధ్యాహ్నం, ఎవరూ లేరు. పైన కప్పులో స్పీకర్. అన్న ఊపిరి తీసుకున్నాడు. ఆ మాట అన్నాడు. ఒక తలుపు వెనక నీళ్ళు వదిలిన చప్పుడు. పఠాన్ మనిషి ఒకడు బయటికి వచ్చి, తల ఎత్తి కప్పు వైపు అనుమానంగా చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. చేతులు కడుక్కోలేదు. అతనూ విన్నాడని నాకు అప్పుడు తెలిసింది. నాకు మాత్రమే వినిపిస్తోందేమో అన్న ఆశ ఒకటి అంతవరకూ ఉండేది.

2023లో ఒక రోజు పగలు ఇండియా నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. పెద్దావిడ గొంతు.

"నాయనా, నువ్వేనా మేకవి?"

గది బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను.

"నీ పేరు నాకు తెల్దు నాయనా. ఆయన ఫోన్లో మేక అనే రాసుకోని ఉండాది. నేను ఆయన భార్యను."

"అవును వదినా. నేనే."

"మా తమ్ముడు దుబాయ్ నుంచి కార్గోలో పెట్టె పంపినాడు. అది రాలేదని వాళ్ళకు ఫోన్ చేసినా. ఉండండి ఉండండి అని పాట ఏసినారు. ఆ పాటలో ఆయన బిస్మిల్లా అన్నాడు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"కోడలికిచ్చి వినమన్నా. ఊరికే గాలి అత్తా అనింది. గాలి కాదు నాయనా. ముప్పై ఏండ్లు విన్నా. పెట్టె సంగతి అడగడం మరిచిపోయి మళ్ళీ మళ్ళీ చేసినా ఆ నంబరుకు. నాలుగుసార్లకు ఒకసారి వస్తాది. అది యాడ్యాడ వస్తాంది?"

"చాలా చోట్ల వదినా. లిఫ్టుల్లో, షాపుల్లో..."

"బాత్రూముల్లో గూడానా?"

పఠాన్ మనిషి కప్పు వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. నేను మాట్లాడలేదు. ఆమెకు జవాబు అందింది.

"ఆ పేరు ఆడ అనగూడదు నాయనా. లోపలికి పొయ్యేముందు బయటనే అనుకోని పోతాం. లోపల నోరు తెరవం. ఆయన క్లారినెట్టు గూడా బాత్రూం గోడ పక్కన ఆనించేటోడు కాదు. ఆ మాట తీసేయమని నీకు చెప్పినాడంట గదా. నాతో అన్నాడు ఆ పొద్దు. మేక తీసేస్తానన్నాడు, మంచోడు అన్నాడు."

"అన్నాను వదినా."

"మరి?"

ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

అప్పుడు చెప్పాను. మైకు చెక్ అబద్ధం, తీసేయకుండా వదిలేసిన మాట, ఒక్క టిక్కు, రిజిస్టర్. అన్నీ చెప్పాననుకున్నాను. నలభై నిమిషాల సంగతి చెప్పలేదు. అది ఈ విషయానికి సంబంధం లేనిదని ఆ క్షణంలో నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆమె అంతా వింది. తర్వాత అంది. "పాట రానీ నాయనా. ఆయనకు పాటంటే ప్రాణం. ఆ మాటొక్కటి తీసెయ్యి. ఏ మురికిలోనో ఆయన చేత ఆ పేరు అనిపిస్తా ఉంటే నేను నమాజుకు ఎట్లా నిలబడేది?"

మర్నాడు ముదీర్ గదికి వెళ్ళాను. కంపెనీకి రాసి ఆ మాట తీయించాలన్నాను.

"చనిపోయినవాడు ఒప్పుకున్నదాన్ని ఇప్పుడెవరు వెనక్కి తీసుకుంటారు హబీబీ? కంపెనీవాళ్ళు కదలరు. ఒప్పుకోలు రిజిస్టర్‌లో ఉంది."

"అది చెల్లదు సార్."

"చెల్లదని ఎవరు చెప్పాలి?"

"రాసినవాడు. నేను అబద్ధం రాశాను. మెసేజ్ ఆయనకు చేరలేదని తెలిసే రాశాను."

ముదీర్ లేచి తలుపు వేసి వచ్చాడు. "ఇది కాగితం మీద పెడితే, నువ్వు రాసిన మిగతావన్నీ కూడా అనుమానమే. ఎవరూ నీకు ఇంకో రిజిస్టర్ ఇవ్వరు. సోచ్ లో."

"ఆలోచించాను."

"ఎప్పుడు?"

మూడేళ్ళ నుంచీ అనబోయి ఊరుకున్నాను. మూడేళ్ళు ఆలోచించినవాడికి గొప్ప ఏముంది?

ఉత్తరం రాసి సంతకం చేశాను. ఉద్యోగం పోయింది. అది పెద్ద త్యాగంగా ఇక్కడ చెప్పుకోను. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌లో కెమెరాలు, అనౌన్స్‌మెంట్ స్పీకర్లు చూసే పని దొరికింది. కంపెనీవాళ్ళు కొన్ని నెలల తర్వాత అన్న స్వరాలను ఆ కంప్యూటర్ వాద్యం కొత్త విడుదల నుంచి పూర్తిగా తీసేశారు. మాటను మాత్రమే కోయడం వాళ్ళకు కుదరలేదట. పాత కాపీలు కొన్నవాళ్ళకు కూడా తీసేయమని రాశారు. ఎంతమంది తీశారో ఎవరికీ తెలియదు. ఉమ్ అల్ క్వైన్ దారిలో ఒక పెట్రోల్ బంకు బాత్రూంలో పోయిన సంవత్సరం కూడా విన్నాను. లోపలికి పోయి కౌంటర్‌లో ఉన్న నేపాలీ అబ్బాయిని ఆ పాట ఆపమని హిందీలో బతిమాలాను. "పాట ఏం చేసింది భాయ్ మిమ్మల్ని?" అన్నాడు. ఆపాడు. నేను బండి ఎక్కేలోపు మళ్ళీ వేశాడు.

కంపెనీ ఉత్తరంలో చివరి వాక్యం, అసలు రికార్డింగులు కుటుంబానికి తిరిగి ఇవ్వాలని. అవి నా దగ్గరే ఉన్నాయి. వదినకు ఫోన్ చేసి పంపుతానన్నాను.

"ఒకసారి మొత్తం విని పంపు నాయనా. ఎండకు చిరాకుపడి ఏమన్నా తిట్టుంటాడు. మనవళ్ళు వింటారు."

గోడౌన్‌లో వినడానికి చోటు లేదు. మధ్యాహ్నం భోజనం వేళ నా కారులో కూర్చున్నాను. కంటైనర్ లారీలు వరసగా ఆగి ఉన్నాయి, డ్రైవర్లు వాటి కింద నీడలో పడుకుని ఉన్నారు. అద్దాలు బిగించాను. ఏసీ హోరులో సరిగా వినిపించలేదు. ఏసీ ఆపేశాను. ఆపాక, ఇదే పని ఆయన చేత చేయించానని గుర్తొచ్చింది.

ఎప్పుడూ వినని ఆ ఖాళీ భాగం నుంచి మొదలుపెట్టాను. బండి తలుపు పడిన చప్పుడు. ఫోన్‌లో నాతో మాట్లాడిన మాటలు, ఆయన వైపువి మాత్రం. నా వైపు సన్నగా గీకినట్టు. తర్వాత నిశ్శబ్దం. దగ్గు. అప్పటికే దగ్గు ఉంది ఆయనకు. నేను వినలేదు.

"మేకా, ఉండావా?"

ఏమీ లేదు.

"తమ్ముడూ? ఉంటే మే అను."

నవ్వాడు. మళ్ళీ దగ్గాడు. సీటు కిర్రుమంది. ఎండకు బండి రేకు చిటపటమంటోంది. ఆయన ఎదురుచూస్తున్నాడు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తెర మీద అంకెలు కదులుతున్నాయి. పదకొండు నిమిషాలు. మధ్యలో ఇంకా రెండుసార్లు పిలిచాడు. చివరిసారి నెమ్మదిగా, నన్ను లేపకూడదన్నట్టు పిలిచాడు. తర్వాత ఒక నిట్టూర్పు.

"సరే. నువ్వుండావు గదా."

ఆ "నువ్వు" నేను కాదు. నాతో మాట్లాడే గొంతు అది కాదు. అలా అని, అదే గొంతుతో, ఆ పైవాడికే చెబుతున్నట్టు "బిస్మిల్లా" అన్నాడు. క్లారినెట్ లేచింది.

అయితే నేను లేనని ఆయనకు తెలుసు. తెలిసే "బాగా విన్నావా మేకా?" అని అడిగాడు. నేను బ్రహ్మాండం అన్నాను. ఆయన నవ్వుతున్న బొమ్మ పంపాడు.

పాట అయిపోయేవరకూ కారులోనే ఉన్నాను. అయిపోయాక కూడా ఉన్నాను. ఆ పదకొండు నిమిషాలు కోసేయడం నాకు ఒక్క క్షణం పని. అతుకు కూడా తెలియదు. వదిన ఎప్పటికీ అడగదు. ఆయన తిట్లేమీ లేవు, మనవళ్ళు వినొచ్చు.

కోయకుండా మొత్తం పంపాను. కింద ఇలా రాశాను. "వదినా, మొదట్లో అన్న పిలుస్తాడు. నేను లేను. లైన్లో ఉంటానని చెప్పి వెళ్ళిపోయాను. ఆ సంగతి మీకు చెప్పలేదు."

ఒక టిక్కు పడింది. కాసేపటికి రెండు. సాయంత్రం షిఫ్టు అయ్యేసరికి రెండూ నీలంగా మారాయి.

జవాబు రాలేదు. అది జరిగి చాలా రోజులైంది. ఆమె మౌనం ఎదురుగా "అభ్యంతరం లేదు" అని ఈసారి నేను రాసుకోలేదు.